గోడకు నకలు చాలునా?

మార్కాపురంలో ఏళ్ల తరబడి డ్రాయింగు మాస్టారుగా పనిచేసి రిటైరైన మేనమామకూ, గిద్దలూరులో కొత్తిల్లు కట్టుకున్న మేనకోడలికీ మధ్య జరిగిన మాటలివి. ఆమె హాలు గోడకు ఐరోపా సింబలిస్టు చిత్రకారుల బొమ్మల ప్రతులు ఫ్రేము కట్టించి పెట్టాలనుకుంది. ఆయన కుదరదన్నారు. 1886 సెప్టెంబరు 18న పారిస్ పత్రిక 'ఫిగారో'లో జా మొరేయాస్ అనే కవి ప్రకటన అచ్చయ్యాక ఈ సింబలిజం అనే పేరు స్థిరపడింది. కంటికి కనిపించేదాన్ని ఉన్నదున్నట్టు దించడం మాని కలనూ దుఃఖాన్నీ పురాణ గాథనూ బొమ్మ కట్టిన చిత్రకారులు వీళ్లు. మన మార్కాపురం, గిద్దలూరు వైపు ఊరూరా కొత్త ఇళ్లు లేస్తున్నాయి, ప్రతి ఇంట్లోనూ ఖాళీ గోడ ఉంది. అందుకే ఈ వాదన ఆ ఒక్క ఇంటిదే అనుకోకుండా రాసి పెడుతున్నాను.

మేనమామ: ఏదీ, ఆ ఫోను ఇటు తే. ఏందమ్మా ఇది? నల్లటి చెట్లు, రాతి గుట్ట, నీళ్ల మీద పడవ, పడవలో తెల్లగుడ్డ కప్పిన పెట్టె. గృహప్రవేశమై నెల తిరగలేదు. గడప దాటి లోపలికొచ్చిన మనిషికి ముందుగా శవపేటిక కనబడాలా?

మేనకోడలు: అది ఆర్నాల్డ్ బోక్లిన్ గీసిన 'మృతుల దీవి' మామా. 1880 నుంచి 1886 లోపల అదే బొమ్మ ఐదుసార్లు గీశాడు. నాలుగోది రెండో ప్రపంచ యుద్ధంలో పోయింది, తక్కినవి బాసెల్, న్యూయార్క్, బెర్లిన్, లీప్‌జిగ్ మ్యూజియాల్లో ఉన్నాయి. ఇది న్యూయార్క్ ప్రతి. మారీ బెర్నా అనే ఆమె ఫ్లారెన్సులో ఆయన స్టూడియోకు వెళ్లింది. భర్త పోయిన మనిషి. ఇంకా పూర్తికాని మొదటి బొమ్మ చూసి, తన భర్త జ్ఞాపకంగా తనకూ ఒకటి గీసిమ్మంది. పడవలో ఆ పెట్టె, పక్కన నిలబడిన ఆ తెల్లటి మనిషి ఆమె అడిగినందుకే వచ్చాయి. తర్వాత మొదటి బొమ్మలో కూడా చేర్చాడు.

మేనమామ: కథ బాగుంది. కానీ మన ఇళ్లలో గోడకెక్కేవి ఏవి? దేవుడి పటం, పోయిన పెద్దల పటం, పెళ్లి ఫొటో. దేవుడికి దణ్ణం పెడతాం, పెద్దలను తలుచుకుంటాం, పెళ్లి ఫొటో చూసి మురిసిపోతాం. మరి దీన్ని ఏం చేసుకుంటాం?

మేనకోడలు: చూస్తాం మామా. చూడ్డానికని గోడకు ఒక పటం ఉండకూడదా? బళ్లో పిల్లలకు నువ్వు చెప్పింది అదేగదా, ముందు చూడ్రా, తర్వాత గీద్దువుగాని అని.

మేనమామ: చూడమనే చెప్పాను. దేన్ని చూడమన్నాను? మార్కాపురం చెన్నకేశవస్వామి గుడి మండపంలో స్తంభాల మీది బొమ్మలు చూడమన్నాను. భైరవకోనలో కొండను తొలిచి చెక్కిన గుహాలయాలు చూడమన్నాను. అవి రాయి. చేత్తో తడిమితే ఉలి దెబ్బ తగులుతుంది. నువ్వు కొనేది ఇంకు పూసిన కాగితం. బోక్లిన్ చెయ్యి దాని మీద పడలేదు, ఆయన రంగు దానికి అంటలేదు. అసలు ఎంత ఉందో కూడా అది చెప్పదు. నీ సింబలిస్టుల్లోనే క్లిమ్ట్ గీసిన 'ముద్దు' బొమ్మను తీసుకో. 1908 నాటిది, అటూ ఇటూ 180 సెంటీమీటర్లు, నిజం బంగారు రేకు అద్దాడు. వియన్నాలో దాని ముందు నిలబడి అటు నుంచి ఇటు నడిస్తే వెలుగు దాని మీద కదులుతుంది. అదే బొమ్మను అడుగు కాగితం మీద అచ్చేసి అమ్ముతారు. అందులో బంగారం ఏది? ముదురు పసుపు మిగులుతుంది, అంతే.

మేనకోడలు: అందుకే ఆ బొమ్మ నేను ఎంచుకోలేదు. బంగారాన్ని ఇంకు పట్టుకోలేదు, ఒప్పుకుంటాను. కానీ నకలంతా వట్టిదే అంటే ఒప్పుకోను. రహ్మానినోఫ్ అని రష్యా సంగీతకారుడు. 1907లో పారిస్‌లో ఈ 'మృతుల దీవి'కి నలుపు తెలుపు ప్రతి ఒకటి చూశాడు. రంగు కూడా లేని నకలు. అది మనసులో పడి 1909లో అదే పేరుతో పెద్ద వాద్యగోష్ఠి రచన పూర్తిచేశాడు. తర్వాత రంగుల్లో ఉన్న అసలు బొమ్మ చూసి, ఇది ముందే చూసి ఉంటే ఆ సంగీతం రాసేవాణ్ణి కాదేమో అన్న అర్థంలో చెప్పుకున్నాడు. ఆ సంగీతం నకలు పుణ్యమే.

మేనమామ: ఆయన రహ్మానినోఫ్ కాబట్టి ఆ నకలు సంగీతమైంది. గొప్పవాడి చెవిలో పడితే రైలు కూత కూడా రాగమవుతుంది. దాన్ని పట్టుకుని బజార్లో అమ్మే ప్రతి కాగితానికీ కిరీటం పెట్టకు.

మేనకోడలు: సరే, గొప్పవాళ్లను వదిలేద్దాం. అమ్మమ్మ పూజగదిలో లక్ష్మీదేవి పటం ఏంటి మామా? రవివర్మ బొమ్మకు నకలేగదా! 1894లో ఆయన బొంబాయిలో అచ్చుకూటం పెట్టాడు, తర్వాత లోనావాలా దగ్గరికి మార్చారు. అక్కడి నుంచే లక్ష్మి, సరస్వతి దేశమంతా ఇళ్లకు చేరారు. అంతకుముందు సంస్థానాల్లో, గుళ్లల్లో ఉన్నవాళ్లకు దక్కిన చిత్రం పల్లెటూరి పేద ఇంటికి వచ్చింది. ఆడవాళ్లు ఆ పటాల మీద చీర అంచుకు జరీ, నగలకు తళుకులు అతికించి తమవి చేసుకున్నారు. ఆ లక్ష్మి నకలని అమ్మమ్మ దీపం పెట్టడం మానిందా?

మేనమామ: దీపం పెట్టింది దేవతకు, కాగితానికి కాదు. అయినా ఆ అచ్చు పని తీరు వేరు. ఒక్కో రంగుకు ఒక్కో రాయి సిద్ధం చేసి, ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడేట్టు అద్దేవాళ్లు. దాని వెనక పనివాడి చెయ్యి ఉంది. నీ సింబలిస్టుల్లో ఓదిలాన్ రెదో ఉన్నాడుగదా, ఆయన 1879లో తన మొదటి లిథోగ్రాఫుల, అంటే రాతి అచ్చు బొమ్మల, సంపుటి వేశాడు. పాతిక ప్రతులే. ఆ పాతికలో ప్రతి ఒక్కటీ అసలే. ఎందుకంటే ఆయన అచ్చు కోసమే గీశాడు, తన చేత్తోనే రాయికెక్కించే గీత గీశాడు. అచ్చు కోసం పుట్టిన బొమ్మ వేరు, రంగుతో పుట్టిన బొమ్మను ఫొటో తీసి అచ్చెయ్యడం వేరు. ఈ తేడా తెలుసుకుని మాట్లాడు.

మేనకోడలు: తెలుసుకునే మాట్లాడుతున్నా. నువ్వు బొమ్మలు నేర్చుకున్నది దేన్ని చూసి మామా?

మేనమామ: చందమామ పత్రిక అట్టల మీద వడ్డాది పాపయ్య, అదే మన వపా, వేసిన బొమ్మలు చూసి. అది ఊరంతటికీ తెలుసు.

మేనకోడలు: ఆయన చేత్తో వేసిన అసలు బొమ్మ ఒక్కటైనా నీ కళ్లతో చూశావా?

మేనమామ: లేదు.

మేనకోడలు: నువ్వు చూసింది అచ్చు. నీకు గీత నేర్పింది అచ్చు. నీ దగ్గర చదివిన ఇన్ని వందల మందికి గీత నేర్పిందీ ఆ అచ్చే.

మేనమామ: ఒప్పుకుంటాను. కానీ ఒకటి. వపా అట్ట కోసమే వేశాడు. ఆ బొమ్మ చేరాల్సిన చోటు నా చేతిలోని పుస్తకమే. అది చేరాల్సిన చోటికి చేరింది. బోక్లిన్ బొమ్మ చేరాల్సిన చోటు గిద్దలూరు హాలు కాదు. అంత ఇష్టమైతే వపా బొమ్మే అచ్చేయించి పెట్టుకోరాదా? మన శ్రీకాకుళం మనిషి.

మేనకోడలు: ఆలోచించాను. చట్టం ఒప్పుకోదు. చిత్రకారుడు పోయాక 60 ఏళ్ల దాకా హక్కు వారసులది. వపా 1992లో పోయారు, అంటే 2052 చివరిదాకా ఆగాలి. నెట్లో దొరికిందిగదా అని వాళ్లనడక్కుండా అచ్చేయిస్తే ఆ కుటుంబం సొమ్ము తిన్నట్టే. బోక్లిన్ 1901లో పోయాడు, రెదో 1916లో. వాళ్లవి అందరివీ అయిపోయాయి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి ఇట్లాంటి పాత బొమ్మల మంచి ఫొటోలు ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చని తెరిచిపెట్టింది. నేను దొంగ సరుకు కొనడం లేదు.

మేనమామ: నిజాయితీ సంగతి నాకు తెలుసులే. నా బాధ ఇంకొకటి. మన ఊళ్లో షాపుల బోర్డులు, గోడల మీద రాతలు బ్రష్షుతో రాసే పెయింటర్లు ఉండేవాళ్లు. అక్షరం తిప్పితే కళ్లకద్దుకోవాలనిపించేది. ఫ్లెక్సీ వచ్చాక వాళ్ల బతుకు పోయింది. నా దగ్గర చదివిన పిల్లల్లో చెయ్యి తిరిగినవాళ్లు ఉన్నారు. పెళ్లి మండపాలకు, పుట్టినరోజు బ్యానర్లకు కంప్యూటర్లో డిజైన్లు చేస్తున్నారు. నువ్వు ఆ అచ్చుకూ ఫ్రేముకూ పెట్టే డబ్బు అట్లాంటి ఒకడికిచ్చి, కంభం చెరువు గీయరా అంటే గీస్తాడు. గుండ్లకమ్మకు అడ్డంగా కొండల నడుమ కట్టిన పాతకాలపు కట్ట, దాని వెనక నీళ్లు, సందెపొద్దు. దానికంటే నీ మృతుల దీవి ఎక్కువా? ఇక్కడా కొండ ఉంది, నీళ్లున్నాయి, పడవా ఉంది.

మేనకోడలు: ఎక్కువని నేను అనలేదు. కానీ కంభం చెరువు గీసేవాడు ఏం చూసి పెరగాలి? ఫొటో చూసి చెరువును దించడం వాడికొచ్చు. ఆ నీళ్లలో మనిషి దిగులును ఎట్లా నింపాలో ఎవరు చూపిస్తారు? బోక్లిన్ చూపిస్తాడు. చెట్ల నడుమ ఆ నలుపు చూడు. గాలి లేదు, అల లేదు. పడవ కదులుతున్నట్టూ ఉంది, ఆగినట్టూ ఉంది. మన పిల్లవాడు మా హాల్లో కూర్చుని దాన్ని గంటసేపు చూస్తే, రేపు కంభం చెరువు వేరేగా గీస్తాడు.

మేనమామ: అది ఫోన్లో చూసినా వస్తుంది.

మేనకోడలు: రాదు మామా. ఫోన్లో బొమ్మ మీద వేలు ఎంతసేపు ఆగుతుంది? గోడ మీది బొమ్మ అన్నం తినేటప్పుడు ఉంటుంది, కరెంటు పోయినప్పుడు ఉంటుంది, జ్వరమొచ్చి పడుకున్నప్పుడు ఉంటుంది. మనం చూడనప్పుడు కూడా మనల్ని చూస్తుంటుంది. పెద్ద ఊళ్లవాళ్లకు మ్యూజియాలున్నాయి. ఇక్కడి నుంచి రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రశాలకు పోవాలన్నా ఒక రోజు ప్రయాణం. నకలు కూడా వద్దంటే గిద్దలూరు పిల్ల ఏ బొమ్మతో కలిసి పెరగాలి?

మేనమామ: దామెర్ల మాట ఎత్తావు, బాగుంది. 1897లో పుట్టి 1925లో, ఇరవయ్యెనిమిదేళ్లు నిండకుండానే పోయాడు. ఆ కాస్త ఆయుష్షులోనే 'సిద్ధార్థ రాగోదయం' లాంటివి గీశాడు. నీ చట్టం లెక్క ప్రకారం ఆయన బొమ్మల హక్కు గడువు ఎప్పుడో తీరింది. మరి ఆయనను ఎందుకు తలచలేదు?

మేనకోడలు: మంచి కాగితం మీద, సరైన రంగులో, చిత్రశాల పేరుతో అచ్చేసిన దామెర్ల బొమ్మ నా చేతికి వస్తే మొదటి మేకు దానికే కొడతాను. అది తేవాల్సింది నేనొక్కదాన్నే కాదుగదా. క్లీవ్‌లాండ్ మ్యూజియంలోని రెదో 'ఆర్ఫియస్' బొమ్మ గిద్దలూరులో కూర్చున్న నాకు మీట నొక్కితే దొరుకుతోంది. రాజమండ్రి బొమ్మ కూడా అంత తేలిగ్గా దొరకాలని కోరుకోవాలి. నువ్వు నకలునే వద్దంటే దామెర్ల నకలు మాత్రం ఎవరు వేస్తారు?

మేనమామ: ఆ మాట నిజం. దానికి నా దగ్గర జవాబు లేదు. సరే, సింబలిస్టే కావాలంటే ఒకటి చెప్తాను, విను. నికొలాయ్ రోరిక్‌ను తీసుకో. రష్యాలో సింబలిస్టుల మధ్య ఎదిగినవాడు. 1928 నుంచి కులూ లోయలో నగ్గర్‌లో ఉండి 1947లో అక్కడే పోయాడు. మన తుమ్మపూడి సంజీవదేవ్ ఆయన దగ్గర గడిపి వచ్చాడు, హిమాలయాల మీద, చిత్రకళ మీద తెలుగులో ఎంతో రాశాడు. రోరిక్ గీసింది ఎక్కువగా టెంపెరా అనే రంగులతో. నూనెరంగు నిగనిగ దానికుండదు. నునుపు మెరుపు లేని కాగితం మీద అచ్చేస్తే అసలుకు చాలా దగ్గరికి వస్తుంది. అసలు చూడాలంటే తిరువనంతపురం శ్రీచిత్ర గ్యాలరీలో ఉన్నాయి, రైలెక్కితే పోతాం. అసలు ఒకటి కళ్లారా చూసి, తర్వాత నకలు కొన్నామంటే ఆ నకలుకు అర్థముంది. ఏది పోయిందో తెలిసి చూస్తాం.

మేనకోడలు: రోరిక్ హాల్లోకి. ఒప్పుకున్నాను. రెదో 'ఆర్ఫియస్' నా గదిలోకి. పాస్టెల్‌తో గీసింది, అసలు ఎత్తు రెండడుగులకు కొంచెం ఎక్కువ. అసలు కొలతకే అచ్చేయించవచ్చు.

మేనమామ: పాస్టెల్ అంటే కాగితం మీద నిలిచిన రంగు పొడి. ఆ పొడి మెత్తదనం రాదు, అది గుర్తుపెట్టుకో. కొలత మాట మాత్రం బాగా పట్టావు. అసలు కొలత మన గోడకు సరిపోయే బొమ్మలే ఎంచుకోవాలి. మరి ఆ శవాల పడవ?

మేనకోడలు: అమ్మకు చూపించాను. భయపడలేదు. చాలాసేపు చూసి, 'పడవ నడిపేది ఎవరే?' అని అడిగింది.

మేనమామ: అక్క అడిగిందా? బావ పోయి ఏడాది కూడా కాలేదు.

మేనకోడలు: అందుకే అడిగింది మామా. భర్త పోయిన ఒక మనిషి కోసం గీసిన బొమ్మ అది. కథ నేను చెప్పకముందే అమ్మకు అందింది.

మేనమామ: అయితే హాల్లో వద్దు. హాలు నలుగురూ వచ్చిపోయే చోటు, శుభకార్యాలకు పిలవడానికి వస్తారు, వాళ్ల మనసు కష్టపెట్టే హక్కు మనకు లేదు. అక్క కావాలంటే అక్క గదిలో పెట్టు. ఆమె అడిగాకే పెట్టు, నువ్వు అనుకుని పెట్టకు.

మేనకోడలు: అట్లాగే. ఇప్పుడు ఫ్రేము సంగతి చెప్పు. అది నీ విద్య.

మేనమామ: ముందు ఫైలు చూసుకో. అంగుళానికి 300 చుక్కలు పడితే దగ్గర నుంచి చూసినా బొమ్మ తేటగా ఉంటుంది. 22 అంగుళాల వెడల్పుకు 6600 చుక్కలు కావాలి. వాట్సాప్‌లో మామూలుగా వచ్చే బొమ్మలో అందులో మూడో వంతు కూడా ఉండదు, అచ్చేస్తే అలుక్కుపోతుంది. మ్యూజియం సైటు నుంచే తీసుకో. ఫ్లెక్సీ మీద వద్దు, మెరిసే ఫొటో కాగితం వద్దు. ప్లాస్టిక్ కాన్వాసు మీద అచ్చేసి, పైన జిగురుతో కుంచె గీతలు తేల్చి అమ్ముతారు, అది అసలే వద్దు. లేని చేతిని ఉన్నట్టు నటించడం అది. నూలు గుజ్జుతో చేసిన మందపాటి కాగితం, పిగ్మెంటు ఇంకు అడుగు. మామూలు డై ఇంకు మన ఎండకు తొందరగా వెలుస్తుంది.

మేనకోడలు: అద్దం?

మేనమామ: అద్దం కాగితానికి అంటకూడదు. చుట్టూ మౌంటు వేయించు, ఆ మందమంత సందు నిలుస్తుంది. లేకపోతే వానాకాలం చెమ్మకు కాగితం అద్దానికి అతుక్కుంటుంది, ఊడదీస్తే రంగు లేచొస్తుంది. మౌంటు బోర్డు ఆమ్లం లేనిది కావాలి. మామూలు అట్ట పెడితే కొన్నేళ్లకు అంచులు పసుపెక్కుతాయి. బీడింగు చెక్కదే పెట్టించు, సన్నగా, నిరాడంబరంగా. పూల చెక్కడాల బంగారు ఫైబరు బీడింగు పెడితే బొమ్మను ఫ్రేము మింగేస్తుంది. మార్కాపురం పలకకు కట్టిన చెక్క చట్రం చూడు. రాయి అంచు పగలకుండా కాపాడింది, అక్షరానికి అడ్డం రాలేదు. ఫ్రేము చెయ్యాల్సిన పని అంతే. వెనక కాగితం టేపుతో సందు లేకుండా మూయించు, దుమ్ము చొరబడదు. పడమటి కిటికీకి ఎదురుగా మాత్రం పెట్టకు. మే నెలలో సాయంత్రం ఎండ నేరుగా పడితే ఏ ఇంకూ నిలవదు.

మేనకోడలు: హాల్లో ఒక గోడకు మార్కాపురం రాయి అతికించాం. ఆ నలుపు మీద రోరిక్ నీలం బాగా తేలుతుందనుకున్నా.

మేనమామ: తేలుతుంది. కానీ పలక రాతికి డ్రిల్లు పెట్టకు, పొరలు పొరలుగా విచ్చిపోతుంది. పైన సీలింగు అంచుకు పట్టీ కొట్టించి తీగతో వేలాడదీయి. ఇంకొక్కటి. పటం వెనక నీ చేత్తో రాయి. చిత్రకారుడి పేరు, గీసిన సంవత్సరం, అసలు ఏ మ్యూజియంలో ఉంది, అసలు కొలత ఎంత, దేనితో గీశాడు, ఇది నకలు, ఏ సంవత్సరం అచ్చేయించాం. మన మనవలకు అది నకలని తెలియాలి. తెలిస్తే అసలు కోసం వెతుక్కుంటూ పోతారు.

మేనకోడలు: మరి నీ శిష్యుడి కంభం చెరువు?

మేనమామ: అడ్వాన్సు రేపే ఇవ్వు. గీసేటప్పుడు పక్కన కూర్చుంటాను, మాట మాత్రం కల్పించుకోను. ధర నువ్వు బేరమాడకూడదు. ఇంకుకు లెక్క కట్టినట్టు మనిషి చేతికి లెక్క కట్టకు.

వీళ్లిద్దరిలో ఎవరు గెలిచారని తేల్చడం నా పని కాదు. నా అభిప్రాయం మాత్రం దాచుకోను. మ్యూజియం లేని ఊళ్లకు మంచి నకలు అవసరం, అది కొనడంలో చిన్నతనం లేదు. నకలును అసలని నమ్మించడం, హక్కుదారును అడక్కుండా అచ్చెయ్యడం, ఏమిటో ఎవరిదో తెలియని బొమ్మను సోఫా రంగుకు జోడీగా కొనడం, ఈ మూడే తప్పు. ఇంటికి పటం కొనేవాళ్లు షాపువాణ్ణి నాలుగు ప్రశ్నలు అడగండి: ఎవరు గీశారు, అసలు ఎంత కొలత, ఏ కాగితం, ఏ ఇంకు. జవాబు రాకపోతే కొనకండి. నకలు ఒకటి కొన్న ఇంట్లో బతికున్న మన చిత్రకారుడి బొమ్మ కూడా ఒకటి ఉండాలి. దామెర్ల వంటి మన చిత్రకారుల బొమ్మలు కాపాడుతున్నవాళ్లకు, ప్రభుత్వానికి నా మనవి ఒక్కటే: వాటికి నాణ్యమైన ఫొటోలు తీయించి అందరికీ తెరిచిపెట్టండి, సరైన రంగుతో, పేరుతో, కొలతతో అచ్చేసి మన బళ్లకూ ఇళ్లకూ అందే ధరకు ఇవ్వండి.